బోర్డు మీద గిన్నె

మా ఆయన దగ్గర డ్రైవింగు నేర్చుకోనివాళ్ళు మా ఊళ్ళో తక్కువ. బస్సు డ్రైవర్లు, డాక్టర్లు, కాలేజీ పిల్లలు, రిటైరయ్యాక సరదా పుట్టిన ముసలాళ్ళు, అందరూ ఆయన చేత చీవాట్లు తిన్నవాళ్ళే. ఊరంతా ఆయన్ని మాస్టారంటుంది. కోపం వచ్చినప్పుడు నేనూ అలాగే అంటాను. ఊరందరికీ నేర్పిన మనిషి పెళ్ళానికి మాత్రం అందరికంటే ఆఖర్న నేర్పారు. దీపం కింద చీకటి అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

ఆయన స్కూల్లో ఒక పద్ధతి ఉండేది. కొత్తగా వచ్చినవాళ్ళు రోడ్డు వదిలేసి స్టీరింగు వెనకాల ఉన్న ముల్లు వంకే చూస్తారు, స్పీడెంత, పెట్రోలెంత అని. చూస్తూ చూస్తూ తీసుకెళ్ళి గోడకి పెడతారు. అందుకని మొదటిరోజే ఆయన భుజం మీది తువ్వాలు తీసి ఆ బోర్డు మొత్తం కప్పేసేవారు. "బోర్డు కాదు, రోడ్డు చూడు" అనేవారు. స్పీడు చెవితో తెలుసుకోవాలి. ఇంజను మూలిగితే గేరు మార్చాలి, అరిస్తే కాలు తియ్యాలి. నిజం చెప్పొద్దూ, అలా నేర్చుకున్నవాళ్ళు బాగానే నడిపారు. తువ్వాలు తీసి, ఏ దీపం వెలిగితే ఏమిటో చెప్పడం ఆఖరిరోజు పాఠం. లైసెన్సు చేతికొచ్చాక ఆఖరిరోజుకి ఎవరొస్తారు? ఏరు దాటి తెప్ప తగలేసే రకాలే అందరూ. అలా మా ఊళ్ళో సగం మంది దీపాల పాఠం వినకుండానే తిరుగుతున్నారు. వాళ్ళలో నేనూ ఒకదాన్ని. నా ఆఖరిరోజు వచ్చేనాటికి ఆ దీపాలు ఆయనకే కనిపించడం మానేశాయి.

కంటికి ముందు అద్దంలా ఒక పొర ఉంటుందట. అది మసకబారుతూ వచ్చే జబ్బు ఆయనది. మొదట వీధి లైట్ల చుట్టూ వలయాలున్నాయన్నారు, తర్వాత ఎదుటి మనిషికి ముఖం లేదన్నారు, చివరికి అంతా పాలనీళ్ళలోంచి చూస్తున్నట్టుందన్నారు. స్కూలు మూతపడింది. ఆసుపత్రికి తిప్పే మనిషి కావాలి కనక అప్పుడు నన్ను కూర్చోబెట్టి నేర్పారు. పక్కసీట్లో కూర్చుని, చెవులు రిక్కించి నేర్పారు. నేను ఏ గేరులో ఉన్నానో ఆయనకు ఇట్టే తెలిసేది. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో మాత్రం తెలిసేది కాదు.

చనిపోయినవాళ్ళ కంట్లోంచి తీసిన మంచి పొర కుట్టి పెడితే చూపు వస్తుందని పెద్దాసుపత్రిలో చెప్పారు. పేరు వరసలో పెడతాం, పొర వచ్చినప్పుడు పిలుస్తాం అన్నారు. ఆ పిలుపు కోసం కూర్చోవడం ఎంత పాడుపనో చెప్పలేను. ఎవరో పోవాలని కోరుకోకూడదు, ఫోను మోగాలని మాత్రం కోరుకోవాలి.

ఈలోగా మందు చుక్కలు. పగలు గంటగంటకీ, రాత్రి నిద్రలోంచి లేచి మళ్ళీ. చుక్కలు ఆలస్యమైతే కన్ను మండుతుంది. మండుతోందని ఆయన నోరు విప్పి చెప్పరు, దిండు మీద తల అటూ ఇటూ తిప్పుతారు, దాంతో నాకే మెలకువ వస్తుంది. తెల్లారకముందే నేను హాస్టలుకి పోవాలి. అక్కడ వంటమనిషిని నేను. తొమ్మిదింటికి ఇంటికొచ్చి ఆయన పని, మళ్ళీ సాయంత్రం హాస్టలు, మళ్ళీ ఇల్లు. అలిసిపోయానని ఎవరితో అనను? ఆయనతో అంటే చుక్కలు మానేస్తానంటారు. కూతురితో అంటే ఉద్యోగం మానేసి వస్తానంటుంది. గుండిగలతో అన్నాను అప్పుడప్పుడు. అవి విని ఊరుకున్నాయి.

కూతురు కొత్త బండి కొనుక్కుని, తన పాతది మాకిచ్చింది. పాతదంటే దానికి పాత, మాకు కాదు. మా స్కూలు బండి బోర్డు మీద నాలుగే దీపాలుండేవి. దీని తాళం తిప్పగానే దుకాణం తెరిచినట్టు అన్నీ వెలుగుతాయి. తాబేలు లాంటిది, గుర్రపు నాడా లాంటిది, ఒళ్ళో బంతి పెట్టుకున్న మనిషి, జారిపోతున్న బండి, పేరు పెట్టలేనివి మరెన్నో. కాసేపటికి వాటంతటవే ఆరిపోతాయి. కూతురు ఒక్కొక్కటీ చెప్పబోయింది. ఆయన అడ్డుపడ్డారు. "మీ అమ్మకి నేను చెప్తాలే, నాకు తెలియనివా" అన్నారు. వెలుగుతున్నవి ఆయనకు కనిపించవు, కనిపిస్తున్నవి నాకు తెలియవు. కూతురు మా ఇద్దరి ముఖాలూ చూసి, ఏమైనా అయితే ఫోను చెయ్యమని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ పిలుపు ఒక పొద్దున వచ్చింది. హాస్టల్లో ఇంకొక ఆమె సాయంతో గుండిగ పొయ్యి మీంచి దించుతున్నాను. చేతులు తుడుచుకుని ఫోను తీస్తే ఆసుపత్రి నర్సు. పొర వచ్చిందని, మధ్యాహ్నంలోపు చేరాలని, ఆయన పచ్చి మంచినీళ్ళు కూడా తాగకూడదని చెప్పింది. రాలేకపోతే ముందే చెప్పమంది, వరసలో ఆయన వెనక ఇంకొకరు ఉన్నారట. వస్తున్నామన్నాను. గుండిగ అక్కడే వదిలేసి, ఏప్రన్ తోటే ఇంటికి పరిగెత్తాను.

నర్సు ఇంటికీ ఫోను చేసిందట, ఆయన అప్పటికే ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. గుండీలు ఒకటి కిందికి ఒకటి పైకి పెట్టుకున్నారు. విప్పి సరిచేశాను. ఆయన నవ్వారు. పాతికేళ్ళ కుర్రాడిలా హుషారుగా ఉన్నారు. కట్టు విప్పాక ముందు ఏం చూస్తారని అడిగాను. కూతురి ముఖం అంటారనుకున్నాను.

"నువ్వు బండి నడుపుతుంటే చూడాలే" అన్నారు. "ఊరందరూ నడపడం చూశాను, నిన్నే చూడలేదు."

ముసలాడికి మాటలు ఎక్కువయ్యాయని విసుక్కుని బండి తీశాను.

ఊరు దాటి పెద్దరోడ్డు ఎక్కాం. లారీల వెనక లారీలు. ఎండ అద్దం మీద పడి కళ్ళలో గుచ్చుతోంది. టైము చాలినంత ఉంది, ఇంకా ముందే చేరతాం అనుకుంటున్నాను. సగం దారి కూడా కాలేదు, బోర్డు టింగుమంది. స్టీరింగు వెనక నారింజ రంగులో ఏదో వెలిగింది.

"ఏం వెలిగింది?" అన్నారాయన.

నేను పెట్టుకున్నది దూరపు కళ్ళజోడు. దాంతో రోడ్డు కనిపిస్తుంది గాని దగ్గరున్న బోర్డు అలుక్కుపోయినట్టుంటుంది. దగ్గర కళ్ళజోడు వెనకసీట్లో సంచిలో ఉంది. కళ్ళు చికిలించి చూశాను. కింద ఏవో అక్షరాలు కూడా వచ్చి పోయాయి, అందలేదు.

"గిన్నెలాంటిదండీ. గిన్నె మీద ఆవిరి."

"ఆవిరా? సరిగ్గా చూడు."

"మూడు వంకర గీతలు పైకి పోతున్నాయి. గిన్నె పక్కన చిన్న పైపులాంటిది వంగి ఉంది."

"అది నీళ్ళ పైపు" అన్నారు వెంటనే. "రేడియేటరే. నీళ్ళు మరుగుతున్నాయి. ఎర్రదీపం వెలగకముందే పక్కకి తీసి తాళం తిప్పెయ్."

ఆ మాటకు ఎదురు చెప్పాలని నాకూ తోచలేదు. బతుకంతా పొయ్యి ముందు గడిపినదాన్ని. గిన్నె మీద ఆవిరి కనిపిస్తే లోపల ఏదో ఉడుకుతోందనే అనుకుంటాను, ఇంకేమనుకుంటాను? పక్కకి తీసి ఆపాను. తాళం తిప్పగానే బోర్డు మొత్తం నల్లబడింది. వెనక సంచిలోంచి దగ్గర కళ్ళజోడు తీసి పెట్టుకునేసరికి చూడ్డానికి అక్కడేమీ లేదు.

ఆయన దిగి, బండి పక్క పట్టుకుని నడుస్తూ ముందుకొచ్చి బానెట్టు మీద అరచెయ్యి పెట్టారు. కాలుతోందన్నారు. నేనూ పెట్టాను. వేడిగానే ఉంది, ఎండలో పెట్టిన స్టీలు పళ్ళెం ఉన్నంత. మరుగుతున్న గిన్నె మూత అలా ఉండదు. నా చెయ్యికి ఆ సంగతి తెలుసు. ఆయనతో అన్నాను కూడా. వేడి లోపల ఉంటుందని, పైన చెయ్యి పెడితే తెలియదని అన్నారు. మరి మీరు పెట్టిన చెయ్యి ఎక్కడ పెట్టారని అడుగుదామనుకుని ఊరుకున్నాను. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు, కొత్తగా ఈవాళ లెక్కపెడితే ఏం లాభం?

కూతురికి ఫోను చేశాను. దాని పనిచోట లోపలికి ఫోను పట్టుకెళ్ళనివ్వరు, తాళం వేసిన అరలో పెట్టి వెళ్ళాలి. ఎన్నిసార్లు చేసినా మోగి మోగి ఆగిపోయింది. బండి కంపెనీవాళ్ళ నంబరుకి చేశాను. ఇది కావాలంటే ఒకటి నొక్కు, అది కావాలంటే రెండు నొక్కు అంది. నొక్కాను. మా కాల్ వాళ్ళకెంతో ముఖ్యమని చెప్పి పాట పెట్టింది. పక్కనుంచి లారీ పోయినప్పుడల్లా బండి ఊగుతోంది. ఎండలో నిలబడి, ఆ పాట ఎప్పుడు ఆగుతుందా అని వింటూ, చేతిగడియారం చూస్తూ ఉండటం తప్ప నేను చెయ్యగలిగిందేమీ లేకపోయింది.

ఇక చల్లారి ఉంటుందని ఆయన అన్నాక తాళం తిప్పాను. దుకాణం తెరుచుకుంది, మూసుకుంది. గిన్నె లేదు.

"చూశావా" అన్నారు. "ఆగి చెడినవాడు లేడు." ఇది కూడా స్కూల్లో ఆయన చెప్పే మాటే.

మళ్ళీ బయల్దేరాం. పోయిన సమయం పూడ్చుకోవాలని కాస్త గట్టిగా తొక్కాను. నా కళ్ళు ఊరికే బోర్డు మీదికి పోతున్నాయి, మళ్ళీ వెలిగిందా, మళ్ళీ వెలిగిందా అని. అలా పోయినప్పుడల్లా బండి గీత దాటుతోంది, ఉలిక్కిపడి ఇవతలికి లాగుతున్నాను. ఒకసారి వెనకాల లారీవాడు హారను మోగించి తిట్టుకుంటూ పోయాడు. ఆయన తల తిప్పి, బండి ఎందుకు ఊగుతోందని అడిగారు. గాలి అన్నాను. అప్పుడే మళ్ళీ టింగుమంది. అదే గిన్నె, అదే ఆవిరి. ఈసారి మొదటిసారికంటే తొందరగా వచ్చింది. ఆయనకు అనుమానం తీరిపోయింది. తొందరగా వేడెక్కుతోందంటే జబ్బు ముదురుతోందన్నమాట.

అదృష్టమనుకున్నాను, ఎదురుగా ఒక పంక్చర్ల కొట్టు కనిపించింది. ఆపాను. కొట్టతను బట్టతల, నూనె చేతులు. ఆయన గొంతు వినగానే చేతిలో టైరు కింద పడేసి, "మాస్టారూ" అంటూ పరిగెత్తుకొచ్చాడు. ఒకప్పుడు మా స్కూల్లో నేర్చుకున్నవాడే. నాకు ప్రాణం లేచొచ్చింది. గిన్నె, ఆవిరి, పైపు అంతా చెప్పాను. అతను బుర్ర గోక్కున్నాడు. దీపాల పాఠానికి తను రాలేదని నెమ్మదిగా ఒప్పుకున్నాడు. టైర్లయితే తెలుసు గాని ఈ కొత్త బళ్ళ బోర్డులు తన వల్ల కాదన్నాడు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, మాస్టారూ, మాస్టారి శిష్యుడూ, మాస్టారి పెళ్ళామూ ముగ్గురం ఆ బోర్డు ముందు నిలబడ్డాం.

అతను బానెట్టు ఎత్తి చూశాడు. నీళ్ళు నిండుగా ఉన్నాయి మాస్టారూ అన్నాడు. ఎక్కడా కారడం లేదు, ఆవిరి లేదు. మా ఆయన కాసేపు ఆలోచించి, అయితే పంపు పోయి ఉంటుందన్నారు, నీళ్ళు తిరగకపోతే నిండుగా ఉన్నా మరుగుతాయట. మాస్టారన్నాక ఇంకేముంది, అంతే అయి ఉంటుందన్నాడు శిష్యుడు. మళ్ళీ బోర్డు వెలిగించి చూద్దామన్నాను నేను. మరుగుతున్న ఇంజను మీద మళ్ళీ తాళం తిప్పితే పగిలిపోతుందని ఇద్దరూ ఒక్కసారే నా మీద పడ్డారు.

ఎవరిదైనా బండి దొరుకుతుందా అని అడిగాను. తన తమ్ముడి కారు తెప్పిస్తానని శిష్యుడు ఫోను చేశాడు. అది వచ్చేసరికి గంటపైన పడుతుందట. ఆలోగా ఇదే చల్లారుతుంది, నెమ్మదిగా నడుపుకుంటూ పోవచ్చన్నారు ఈయన. ఆ మాటా నిజమే అనిపించింది. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా పని, ఎటు కదిలినా తెగేది నేనే. ఆసుపత్రికి ఫోను చేసి కొంచెం ఆలస్యమవుతుందన్నాను. నర్సు పాపం మెత్తగానే మాట్లాడింది. డాక్టరుగారు వరసగా ఆపరేషన్లు చేసుకుపోతున్నారు, ఎంతసేపని ఆపగలనమ్మా అంది.

ఈలోగా శిష్యుడు నా ముఖం చూసి, "మీరు కాస్త కూర్చోండమ్మా, నిలబడలేకపోతున్నారు" అని గ్లాసుతో వేడి టీ తెచ్చిచ్చాడు. ఆయన పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా ఉంటే నేను టీ తాగుతానా? చేతిలోంచి తీసుకుని బానెట్టు మీద పెట్టాను. అక్కడ ఆవిరి వచ్చింది ఆ గ్లాసులోంచి మాత్రమే. అది చల్లారిపోయేదాకా చూస్తూ నిలబడ్డాను.

మూడోసారి అది సిటీ పొలిమేరల్లో వెలిగింది. దూరంగా పెద్ద పెద్ద మేడలు కనిపిస్తున్నాయి. మధ్యాహ్నం ఇంకా పూర్తిగా దాటలేదు. ఆపమన్నారాయన. ఆపనన్నాను. పెళ్ళయిననాటి నుంచీ ఆయన మాటకి ఎదురాడటం నాకు కొత్త కాదు గాని, బండిలో ఎప్పుడూ ఎదురాడలేదు. బండి ఆయనది, రోడ్డు ఆయనది అనే భయం ఏదో ఉండేది.

"ఆపితే కన్ను పోతుందండీ" అన్నాను. ఏడుపు ఆపుకోలేకపోయాను.

"ఆపకపోతే ఇంజను పోతుంది, నడిరోడ్డు మీద ఆగిపోతే కన్నూ పోతుంది, బండీ పోతుంది. నా మాట విను. ఎన్ని బళ్ళు చూశాను."

ఎన్నో చూశారు, నిజమే. దీన్ని మాత్రం చూడలేదు. చూడగలిగితే ఈ దారిన వచ్చేవాళ్ళమే కాదు. అయినా నాకేం తెలుసని వాదించను? గిన్నె కనిపిస్తోంది, ఆవిరి కనిపిస్తోంది. ఆయన చెప్పేది తప్పని చెప్పడానికి నా దగ్గర ఒక్క ముక్క లేదు. పక్కకి తీసి తాళం తిప్పేశాను. ఆయన తువ్వాలుతో కళ్ళు ఒత్తుకుంటూ కూర్చున్నారు. చుక్కలు వేశాను. ఒక చుక్క గురి తప్పి చెంప మీద పడింది. కోప్పడలేదు.

మేం ఆసుపత్రి మెట్లెక్కేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. నర్సు ఎదురొచ్చి మా ఇద్దరినీ చూసి కుర్చీలు చూపించింది. అప్పుడే తెలిసింది నాకు. వరసలో తర్వాతి ఆవిడ పొద్దున్నే వచ్చి కూర్చుందట, ఎందుకైనా మంచిదని. ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్ళి కొంచెంసేపే అయిందట. మళ్ళీ పొర వచ్చినప్పుడు మీకే ముందు అంది నర్సు. ఎప్పుడొస్తుందని అడిగాను. అది ఎవరు చెప్పగలరమ్మా అంది. ఆమె మాత్రం ఏం చేస్తుంది?

ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని వింటున్నారు. బండి వేడెక్కిపోయిందమ్మా, మా ఆవిడ తప్పేం లేదు అని నర్సుకి చెప్పారు. లోపలున్నది ఎవరని అడిగారు. కుట్టుపని చేసుకునే ఆవిడ, సూదిలో దారం ఎక్కించలేక పని మానేసిందట.

"మంచిది" అన్నారు. ఆ మాట మనసులోంచే అన్నారు. తర్వాత గ్లాసుడు మంచినీళ్ళు అడిగి గటగటా తాగేశారు. ఇక తాగినా ఫరవాలేదు కదా.

తిరిగొచ్చి బండిలో కూర్చున్నాం. తాళం తిప్పే ధైర్యం లేదు నాకు. ఈ రోగిష్టి బండిని పట్టుకుని మళ్ళీ అంత దారీ ఎలా పోవాలా అని ఆలోచిస్తుంటే ఫోను మోగింది. కూతురు. పని దిగి, అరలోంచి ఫోను తీసి, అన్నిసార్లు చేశానని చూసి హడలిపోయింది. ఆయన కూడా వినేట్టు పెట్టి జరిగిందంతా చెప్పాను. ఏ దీపం అమ్మా, ఎలా ఉంది అని అడిగింది. గిన్నె, పైన మూడు గీతల ఆవిరి, పక్కన వంకర పైపు అన్నాను.

"అమ్మా" అంది. "అది గిన్నె కాదమ్మా, కాఫీ కప్పు. నువ్వు పైపన్నది దాని పిడి."

"కారులో కాఫీ ఏమిటే?"

"బండికేం కాలేదు. స్టీరింగు అటూ ఇటూ పోతుంటే దానికి తెలుస్తుంది. నడిపే మనిషి అలిసిపోయారు, ఆగి ఒక కప్పు కాఫీ తాగి, కాస్త కునుకు తీసి రమ్మని చెప్తుంది. నువ్వు అలిసిపోయావని వెలిగిందమ్మా అది."

ఇంకా ఏదో అంటోంది. ఏడుస్తోంది కూడా. నేను తర్వాత మాట్లాడతానని పెట్టేశాను.

నాకు నవ్వొచ్చింది, నవ్వబోతే నవ్వు రాలేదు. ఆగినప్పుడల్లా బండికి విశ్రాంతి ఇచ్చాం. నన్ను ఎండలో నిలబెట్టాం. టీ గ్లాసు బానెట్టుకి పెట్టాం. ఒక్కసారైనా అది చెప్పింది విని నేను గ్లాసుడు టీ తాగి, సీటు వెనక్కి వాల్చి ఓ క్షణం కళ్ళు మూసుకుని ఉంటే ఈపాటికి ఆయన లోపల బల్ల మీద ఉండేవారు. లేదా అసలేమీ పట్టించుకోకుండా పోయి ఉన్నా సరిపోయేది. చేతులు కాలాక ఆకుల సంగతి ఎంత తలచుకుంటే ఏం? కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. ఆయన మీద తెచ్చుకుందామంటే ఆయన నన్ను అడిగి, నేను చెప్పింది నమ్మి చెప్పిన మనిషి. బండి మీద తెచ్చుకుందామంటే, ఇన్నాళ్ళలో నేను అలిసిపోయానని కనిపెట్టింది అదొక్కటే.

ఆయన చెయ్యి గాలిలో తడుముకుంటూ వచ్చి నా చెంప దొరికించుకుంది. కళ్ళ కింద వేలితో రాశారు, అక్కడ ఎంత గుంట పడిందో కొలుస్తున్నట్టు.

"ఎప్పట్నుంచే?" అన్నారు.

ఎప్పట్నుంచో నాకే తెలియదు.

"సీటు వాల్చి పడుకో" అన్నారు కాసేపటికి. "నేను చూస్తుంటాను."

ఆ మాట అన్నాక ఆయనకే తెలిసొచ్చినట్టుంది, తల దించుకున్నారు. నేను సీటు వాల్చాను. కళ్ళు మూసుకున్నాను. నిద్ర వస్తేనా? సాయంత్రం హాస్టల్లో వంట నా కోసం చూస్తుంటుంది. చీకటి పడితే ఎదురు లైట్లకి నాకు రోడ్డు సరిగ్గా ఆనదు. కళ్ళు తెరిచి చూస్తే ఆయన నిటారుగా కూర్చుని, పాలరంగు కళ్ళు రెండూ పెద్దవి చేసుకుని, ఎదురుగా గోడ వైపు కాపలా కాస్తున్నారు. కళ్ళు మండిపోతున్నట్టున్నాయి, నీళ్ళు కారుతున్నాయి. చుక్కల వేళ దాటిపోయింది. నన్ను లేపకూడదని మందుసీసా తనే పట్టుకుని వేసుకోబోయారు కాబోలు, ఇస్త్రీ చొక్కా ముందంతా తడిసి ఉంది.

లేచి సీసా చేతిలోంచి తీసుకున్నాను. రెండు కళ్ళలోనూ వేశాను. సీటు నిటారుగా చేసుకుని, దూరపు కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుని, తాళం తిప్పాను. ఆయన ఏదో అనబోయారు. పడుకుంటే ఇంటికి ఎవరు తీసుకెళ్తారండీ అన్నాను.

సిటీ దాటి పెద్దరోడ్డు ఎక్కాం. పొద్దు వాలుతోంది. పంక్చర్ల కొట్టు దాకా కూడా రాలేదు, బోర్డు మళ్ళీ టింగుమంది.

ఈసారి ఏం వెలిగిందని ఆయన అడగలేదు. ఆపమనీ అనలేదు. భుజం మీది తువ్వాలు తీశారు. ఒక చేత్తో స్టీరింగు అంచు వెతికి పట్టుకుని, నా చేతులకి అడ్డం రాకుండా, దాని వెనక బోర్డు మీద తువ్వాలు పరిచారు. మడతలు కూడా సరిచేశారు, స్కూల్లో కొత్తవాళ్ళకి చేసినట్టు.

"రోడ్డు చూడవే" అన్నారు.

చూశాను. ఇల్లు ఇంకా చాలా దూరం ఉంది.